మోదుగాకు వైద్యం

జాలువాగు అడవిలో తెల్లవారిందనడానికి గుర్తు అడవికోడి కూత అని బయటివాళ్లు అనుకుంటారు. అక్కడ ఉండేవాళ్లకు తెలుసు, కోడి గొంతు సవరించుకునే లోపే అడవిదున్న దాలప్ప సణుగుడు మొదలవుతుందని. మంచు ఎక్కువైందని కాసేపు, గడ్డి ముదిరిందని కాసేపు, కుడి వెనకకాలు చెప్పిన మాట వినడం లేదని చాలాసేపు. విని ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. ఆ కాలు ఎందుకు మాట వినదో మొన్న కళ్లు తెరిచిన కుందేలు కూనకు కూడా తెలుసు.

ఎనిమిది ఎండాకాలాల కిందట గాలికనుమ దారిన రేచుకుక్కల మంద అడవి మీదికి వచ్చిపడింది. రేచులంటే పెద్దపులి కూడా దారి తప్పుకునే జాతి. అప్పుడు పెద్దకొండ మీద దర్బారు నడిపే పులిదొర కూడా ఏదో వ్రతంలో ఉన్నానని గుహ దిగలేదు. కనుమ ఇరుకు. అక్కడ ఆపితే ఆగుతాయి. దాటి వచ్చాయంటే అడవిలో దూడ అన్నది మిగలదు. పరుగెత్తగలిగినవాళ్లు పరుగెత్తారు. ఇరవైముగ్గురు మాత్రం కనుమకు అడ్డంగా నిలబడ్డారు. దున్నలు, కణుతులనే పెద్ద దుప్పులు, అడవిపందులు, ఇద్దరు ముళ్లపందులు. నెలన్నర నిలబడ్డారు. చివరికి రేచులే విసిగి వేరే కొండ వెతుక్కున్నాయి. ఇరవైముగ్గురిలో పదిహేడుగురు వెనక్కి వచ్చారు. ముందు వరసలో నిలబడ్డ దాలప్ప వచ్చాడు గానీ, అతని కుడి వెనకకాలు నమిలి ఉమ్మేసిన చెరకు ముక్కలా ఉంది.

ఆ రోజే వాగు పంచాయితీ కూర్చుని ఒక మాట ఇచ్చింది. కనుమలో నిలబడ్డవాళ్ల గాయాలు వాళ్లవి కావు, అడవివి. వాళ్లు బతికినంత కాలం వాటిని చూసుకోవలసింది అడవే. మాట ఇచ్చి ఊరుకోలేదు. వేడినీటి ఊట పక్కన, రాతిచూరు కింద కావలివాళ్ల కోసం ఒక చావడి కట్టారు. దాని వెనక మందువేర్లు మొలిచే వాలునంతా చావడికే వదిలేశారు. వైద్యానికి కొంగ వరాలమ్మను పెట్టారు. కొంగ అనగానే ఒంటికాలి మీద దొంగజపం గుర్తొస్తుంది గానీ, వరాలమ్మ ఆ కోవది కాదు. ఆమెకు జపానికి తీరికెక్కడిది? ముల్లు విరిగినచోట ముక్కు పెట్టిందంటే నొప్పి తెలియకుండా లాగేది. ఆమెకు తోడు ఎలుగుబంటి బంగారయ్య. వేర్లు నూరి, తేనె కలిపి, వెచ్చటి పిండికట్టు కట్టడంలో అతని చేతికి తిరుగులేదు.

ఇలా ఏడేళ్లు బాగానే గడిచింది. ఎనిమిదో ఏడు వానలు మొదలవగానే చావడి ముందు వరస పెరిగింది.

వానాకాలంలో పాత గాయాలన్నీ ఒక్కసారే నిద్రలేస్తాయి. పదిహేడుగురూ పొద్దున్నే కుంటుకుంటూ వచ్చేవాళ్లు. చూస్తే వరాలమ్మ ఒక్కతే. బంగారయ్య కనిపించడం లేదు. ఎక్కడికి పోయాడో ఆమెకు తెలియదు, అడిగినా ఎవరూ చెప్పలేదు. దాలప్ప ముందు ఎప్పుడూ ఒక ముసలి కణితి నిలబడేది. దానికి మోకాలి నొప్పి కంటే మాటల జబ్బు ఎక్కువ. తన తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి గానీ మోకాలి దగ్గరికి వచ్చేది కాదు. దాలప్ప వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కేది. కాలు పీకుతుంటే నిలబడి, కనుమలో నెలన్నర నిలబడ్డది ఇందుకేనా అని అతను గొణుక్కునేవాడు.

సరిగ్గా ఆ గొణుగుడు దగ్గరే శేషావతారం వచ్చి నిలబడ్డాడు.

శేషావతారం నక్క. కనుమ పోరు జరిగిన నెలన్నరా అత్తవారింట్లో పనిపడిందని కొండ అవతల ఉండిపోయి, పోరు అయిపోయిన మర్నాడు అందరికంటే ముందు వచ్చి జేజేలు కొట్టినవాడు. అతను దాలప్పను అన్నా అని పిలిచి, కుశలం అడిగి, కాలు వంక చూసి, కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు. నక్కకు ఆ నీళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి.

"నువ్వు కనుమలో నిలబడ్డ మొనగాడివన్నా," అన్నాడు. "నువ్వొచ్చి ఇలా వరసలో నిలబడటం ఏమిటి? వాళ్లు నీకోసం నిలబడాలి గానీ."

ఆ మాట దాలప్పకు ఎక్కడో హాయిగా తగిలింది. శేషావతారం సంచిలోంచి ఒక మోదుగాకు తీశాడు. దాని మీద అతని పంజా గుర్తు ఉంది. ఇది నోట కరుచుకుని వెళ్తే చాలట. చీమలదిబ్బ దగ్గర తను పెట్టిన వైద్యశాలలో ఏ వైద్యుడైనా చూస్తాడట. వరస లేదు, వంతు లేదు, ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మన ఇష్టం. పెద్దకొండ దర్బారు కూడా దీన్ని మెచ్చుకుందనీ, జాలువాగుదే కాదు, మిగతా వాగుల చావడులు కూడా ఇలా చక్కగా నడిపేవాళ్లకు అప్పగిస్తే బాగుంటుందని అనుకుంటోందనీ చెప్పాడు. ఒక్కటే చిక్కు. చావడి జాలువాగు పంచాయితీ పొలిమేరలో ఉంది కాబట్టి, పంచాయితీ సరే అంటే గానీ దర్బారు ముందుకు కదలదు. పున్నమి నాడు పంచాయితీ కూర్చుంటుంది. అప్పుడు కనుమలో నిలబడ్డవాడు ఒకడు లేచి నాలుగు మంచి మాటలు చెబితే చాలు.

"ఎవరో ఎందుకు, నువ్వే చెప్పన్నా. నువ్వు చెబితే నలుగురూ వింటారు."

దాలప్పకు పంచాయితీలో మాట్లాడమని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆకు పుచ్చుకున్నాడు. మాట్లాడతానని మాటిచ్చాడు. ఇచ్చిన మాట మీద నిలబడటం తప్ప ఇంకో విద్య తెలియనివాడతను.

మర్నాడే ఆకు నోట కరుచుకుని బయలుదేరాడు. చావడి అతను ఉండే చోటికి కూతవేటు దూరం. చీమలదిబ్బకు సగం పూట నడక, అదీ ఎగువకు. చెమటలు కక్కుతూ చేరేసరికి ముందు కనిపించింది బంగారయ్య. గుమ్మం పక్కన చెట్టు మొదట్లో వీపు ఆనించి, పక్కన మూడు తేనెపట్టులు పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పెద్ద వైద్యశాల కదా, పని చేసి చేసి అలిసిపోయి ఉంటాడని దాలప్ప అనుకున్నాడు. లేపలేదు.

లోపల మొదటి వైద్యుడు వడ్రంగిపిట్ట. దాలప్ప నెత్తి మీద వాలి కొమ్ములు రెండూ టకటకా కొట్టి చూశాడు. కొమ్ములు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. నొప్పి కాలికి అని దాలప్ప చెబితే, తను మెడ పైభాగమే చూస్తానని, కాళ్ల వైద్యుడు కింద రొచ్చు గుంటలో ఉంటాడని చెప్పి పంపేశాడు. మళ్లీ దిగువకు నడక. రొచ్చులో ఉన్నది ఎండ్రకాయ. డెక్కలతో కాలిని అటూ ఇటూ నొక్కి, ఎప్పటి నొప్పి అని అడిగింది. ఎనిమిదేళ్లదని విని డెక్కలు వెనక్కి తీసుకుంది.

"పాత నొప్పులు నేను ముట్టుకోను," అంది. "కొత్తవైతే వాటంతటవే తగ్గుతాయి, నాకు పేరొస్తుంది. నీ కాలు ముట్టుకుంటే నీ కాలూ బాగుపడదు, నా పేరూ మిగలదు."

ముసలివాళ్ల పాత రోగాలు చూసేవాడు వేరే ఉన్నాడని అదే దారి చూపింది. ఎండిపోయిన తుమ్మచెట్టు మీద కూర్చున్న ఆ వైద్యుడు రాబందు. దాలప్పను కిందనుంచి పైదాకా చాలా శ్రద్ధగా, చాలాసేపు చూశాడు. ఇంత శ్రద్ధగా తనను ఏ వైద్యుడూ చూడలేదని దాలప్పకే అనిపించింది. ఈ చెట్టు కిందే పడుకోమన్నాడు. మందు ఎప్పుడిస్తావని అడిగితే, తొందరేమీ లేదు, నేను వేచి ఉంటాను అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు. దాలప్ప ఆకు అక్కడే వదిలేసి, కుంటి కాలు సాగనిచ్చినంత వేగంగా ఇంటిదారి పట్టాడు.

ఇంటికైతే చేరాడు గానీ, లేవలేకపోయాడు. ఆ ఎగుడుదిగుడు నడకకు కాలు వాచి మద్దెలైంది. చావడికి పోవాలంటే మొహం చెల్లలేదు. వరస పొడుగని సణిగి పోయినవాడు ఏ మొహంతో మళ్లీ అదే వరసలో నిలబడతాడు? చుట్టూ అందినంత గడ్డి తింటూ, అందనిదాన్ని చూస్తూ రోజులు లెక్కపెట్టాడు. పన్నెండో రోజున వాన వెలిసిన వేళ, ఎదురుగా దూరంనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అన్నా, నేను వరాలమ్మని. నీకు ఎదురుగా వస్తున్నాను."

ఆమె ఎప్పుడూ అలా చెప్పుకుంటూనే వచ్చేది. అది ఆమె అలవాటు అనుకున్నాడు గానీ, ఎందుకో అతను ఎన్నడూ అడగలేదు.

వచ్చి కాలు చూసింది. తెచ్చిన వేర్లు రాతి మీద నూరి కట్టు కట్టింది. పన్నెండు రోజులుగా అతను కట్టు మార్చుకోవడానికి రాలేదని, ఏమైందోనని చావడి పని అయ్యాక బయలుదేరానని మాత్రం చెప్పింది. ఆ మాటతో దాలప్ప నోరు విప్పాడు. మోదుగాకు సంగతి, చీమలదిబ్బ సంగతి, రాబందు సంగతి ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. వరస పొడుగని తను తిట్టుకున్న మాటలు కూడా చెప్పాడు.

"వరస పొడుగే అన్నా, అందులో అబద్ధమేముంది," అంది వరాలమ్మ. "నేను ఒక్కదాన్నే. వేర్లు నూరేదీ నేనే, కట్టు కట్టేదీ నేనే. పైగా వాలు మీద వేర్లు రోజురోజుకూ తగ్గుతున్నాయి, ఎవరు తవ్వుకుపోతున్నారో తెలియదు. బంగారయ్య ఉంటే సగం పని తేలికయ్యేది."

"బంగారయ్య చీమలదిబ్బ దగ్గర ఉన్నాడు."

"అక్కడ ఎవరికి కట్టు కడుతున్నాడు?"

దాలప్ప ఆలోచించాడు. "ఎవరికీ కట్టడం లేదు. తేనె తిని నిద్రపోతున్నాడు."

వరాలమ్మ పొద్దుండగానే వెళ్లిపోయింది. దాలప్ప ఆ మాటను నెమరు వేస్తూ పడుకున్నాడు. నెమరు వేసేవాడికి ఆలోచన ఆలస్యంగానే వస్తుంది, కానీ వచ్చిందంటే పూర్తిగా అరిగి వస్తుంది. పని చేయించుకోవడానికి కాదు, పని చేయకుండా ఉండటానికి బంగారయ్యకు మూడు తేనెపట్టులు ఇచ్చారు. అతను లేకపోతే, వాలు మీద వేర్లూ తరిగిపోతే వరస పెరుగుతుంది. వరస పెరిగితే చావడి పనికిరానిదని అందరూ అంటారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనని దాలప్పకు మర్నాడు మధ్యాహ్నానికి అర్థమైంది.

అయినా మాట ఇచ్చాడు కదా. పున్నమి నాడు పంచాయితీకి బయలుదేరాడు.

వాగు మలుపులో బల్లపరుపు బండ మీద పొద్దున్నే పంచాయితీ కూర్చుంది. ప్రెసిడెంటు ఉడుము గవరమ్మ. చూపుకు మెతక, కానీ ఒక సంగతి పట్టుకుందంటే తేలేదాకా వదలదు. సభ్యుల్లో ముంగిస ఉంది, కొమ్ముకత్తిపిట్ట ఉంది, అడవికోడి ఉంది. కావలివాళ్లు పదిహేడుగురూ వచ్చారు, వరాలమ్మ వాళ్ల పక్కన కూర్చుంది. శేషావతారం తన వైద్యులను వరసగా కూర్చోబెట్టి, మెడలో మోదుగాకుల దండ వేసుకుని వచ్చాడు.

అతని మాటలు చక్కగా ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర వైద్యం చేయించుకోవాలో పంచాయితీ ఎందుకు చెప్పాలని అడిగాడు. చావడి ముందు వరసను వర్ణించి వర్ణించి చెప్పాడు. ఒక్క కొంగ, పదిహేడు కుంటికాళ్లు, ఇదేనా మొనగాళ్లకు అడవి చేసే మర్యాద అన్నాడు. చావడి భారం ఇక పంచాయితీకి ఉండదని, అంతా తనే మోస్తానని చెప్పి, చివరన గొంతు తగ్గించి, దానితోపాటు వేడినీటి ఊట, మందువేర్ల వాలు కూడా తన చేతికి వస్తాయని, అది మామూలేనని అన్నాడు.

అడవికోడికి ఇది నచ్చింది. మోత తగ్గుతుందంటే ఎవరికి చేదు? పైగా దర్బారువారే ముచ్చటపడుతుంటే మనం కాదనడమేమిటని మెడ నిక్కించింది. కొమ్ముకత్తిపిట్ట కూడా తల ఊపింది. గవరమ్మ మాత్రం నాలుక బయటికి పెట్టి, లోపలికి తీసుకుని, కావలివాళ్లేమంటారని అడిగింది. అప్పుడు శేషావతారం గర్వంగా దాలప్ప వైపు చూపించాడు.

దాలప్ప కుంటుకుంటూ బండ మధ్యకు వచ్చాడు.

"శేషావతారం తరఫున మాట్లాడతానని మాటిచ్చాను," అన్నాడు. "నాకు మాటలు రావు. అందుకని కాలు తెచ్చాను. మీ అందరి ముందూ ఈ కట్టు విప్పి కొత్త కట్టు కట్టమనండి. ఆ వైద్యం ఎలా ఉంటే నా సాక్ష్యం అలా ఉంటుంది."

నక్కకు ఏ వేరు నూరాలో తెలియదని, నలుగురిలో తెల్లమొహం వేస్తాడని, అంతవరకే దాలప్ప అనుకున్నది. అంతకుమించి అతని మనసులో ఏమీ లేదు.

శేషావతారం తన వైద్యుల వైపు చూశాడు. వడ్రంగిపిట్ట పక్కనున్న మానును పరీక్షించడం మొదలుపెట్టాడు. ఎండ్రకాయ రాయి కిందికి జారుకుంది. రాబందు కదల్లేదు, తొందరలేదన్నట్టు కూర్చున్నాడు. సభ అంతా చూస్తోంది. ఇక తప్పదని శేషావతారమే నవ్వు పులుముకుని లేచాడు. గడ్డిపరకలు కట్టగా పట్టుకుని, దాలప్ప చుట్టూ తిరిగి, చప్పుడు కాకుండా వెనకనుంచి వచ్చి, వాచిన కాలి మీద పంజా వేశాడు.

కనుమలో రేచులు గట్టు మీదనుంచి దూకి అతని కాలు పట్టుకున్నది వెనకనుంచే. చప్పుడు కాకుండానే.

ఏం జరిగిందో దాలప్పకు తెలియదు. మంచి కాలు దానంతటదే లేచింది. శేషావతారం దండతో సహా వాగు మీదుగా ఎగిరి అవతలి గట్టున రేగుపొదలో పడ్డాడు. అడవికోడి చెట్టెక్కింది. పిల్లాజెల్లా చెల్లాచెదురయ్యారు. దాలప్ప కళ్లు తెల్లబడ్డాయి, తల వంగింది, కొమ్ములు ముందుకొచ్చాయి. అతనికి బండ కనబడటం లేదు, వాగు కనబడటం లేదు. గాలికనుమ కనబడుతోంది. ఎవరు ఎదురొచ్చినా పొడిచేసేలా ఉన్నాడు.

వరాలమ్మ లేచి సూటిగా అతనికి ఎదురుగా నడిచింది. తొందర పడలేదు. మామూలుగా చావడిలో మాట్లాడినట్టే మాట్లాడుతూ వెళ్లింది.

"అన్నా, నేను వరాలమ్మని. ఎదురుగా వస్తున్నాను. ఇది వాగు మలుపు. వాన వెలిసింది, ఎండ వచ్చింది. రేచులు లేవు అన్నా. ఎనిమిదేళ్లయింది."

కావలివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముసలి కణితి, అడవిపందులు, ముళ్లపందులు అందరూ నెమ్మదిగా వచ్చి దాలప్పకు అటూ ఇటూ, వెనక నిలబడ్డారు. కనుమలో నిలబడ్డట్టే. తన వెనక ఉన్నది తనవాళ్లేనని తెలిశాక అతని ఊపిరి కుదుటపడింది. మోకాళ్ల మీద కూలబడి, నలుగురిలో ఇలా అయినందుకు సిగ్గుతో మొహం నేలకు ఆనించాడు. ఇన్నేళ్లలో చావడిలో ఎవరూ తన వెనకనుంచి రాలేదు. అందుకే తనకు ఈ గాయం కూడా ఉందని అతనే మరచిపోయాడు.

అడవికోడి చెట్టు దిగి వచ్చి, తన ఈకలు సర్దుకుని, తలవంచుకుని కూర్చుంది. గవరమ్మ వరాలమ్మను అడిగింది, ఇదంతా నీకెలా తెలుసని.

"పదిహేడుగురినీ ఎనిమిదేళ్లుగా చూస్తున్నానమ్మా," అంది వరాలమ్మ. "కణితి మామ అన్ని మాటలు మాట్లాడేది ఊరికే కాదు, మాట ఆపితే పోయినవాళ్లు గుర్తొస్తారు. పెద్ద ముళ్లపందికి ఎండుకొమ్మ విరిగిన చప్పుడు పడదు. దాలప్పన్నకు వెనక అడుగు పడదు. వేర్లు నూరడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇది మాత్రం ఒకచోట కూర్చుని, వాళ్లతోపాటు ముసలైతే గానీ తెలియదు."

ఆ మాటకు చెవి సరిగా వినబడని ముసలి అడవిపంది కూడా తల ఊపింది.

ఇంతలో రేగుపొదలోంచి మూలుగు వినిపించింది. శేషావతారం దవడ పక్కకు తిరిగిపోయింది. దౌర్జన్యం అనబోతే దౌ దగ్గరే ఆగిపోతోంది. గవరమ్మ వాగు గట్టున నిలబడి, మెడలో అన్ని మోదుగాకులు ఉన్నాయి కదా, నీకు ఇష్టమైన వైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చు నాయనా అంది. వడ్రంగిపిట్ట దూరంనుంచే చూసి, దవడ మెడ పైభాగమే గానీ, లోపలి సంగతి తనది కాదన్నాడు. ఎండ్రకాయ నొప్పి కొత్తదే అని ఒప్పుకుంది గానీ, రాయి కిందనుంచి రాలేదు. పిలవకుండానే వచ్చింది రాబందు ఒక్కడే. గెంతుకుంటూ పొద దగ్గరికి వచ్చి, తల పక్కకు వంచి, శ్రద్ధగా చూడసాగాడు. శేషావతారం ఉన్న కాస్త నోటితోనే వరాలమ్మా అని కేక పెట్టాడు.

చావడి కావలివాళ్లది, నక్కకు అందులో హక్కు లేదని ముంగిస గుర్తుచేసింది. దాలప్ప నేలమీదనుంచే తల ఎత్తి, తన్నింది నేను, నా పేరు మీద వైద్యం చెయ్యండి అన్నాడు. వరాలమ్మ దవడ సరిచేసి, వేర్ల పిండి పట్టించి, గట్టిగా కట్టు కట్టింది. నలభై రోజులు నోరు తెరవకూడదని, తెరిస్తే మళ్లీ జారుతుందని చెప్పింది.

అప్పుడు పంచాయితీ తీర్మానం చేసింది. అడవికోడి దర్బారువారికి కోపం వస్తుందేమోనని చివరిసారిగా గొణిగితే, దర్బారు మన మాట అడిగింది, అడిగినవాళ్లకు నిజం చెప్పడమే మర్యాద అని గవరమ్మ అంది. తాటాకు మీద ఆమే గోటితో గీసింది. జాలువాగు చావడిని ఎవరికీ అప్పగించేది లేదు, కనుమలో నిలబడ్డవాళ్లకు ఇచ్చిన మాటను ఇంకొకరి భుజానికి మార్చేది లేదు. అలాగని వరస పొడుగన్న మాట అబద్ధమనీ అనలేదు. దిగువ చెరువునుంచి ఇంకో రెండు కొంగలను పిలిపించాలని, వేర్లు నూరడానికి ప్రతి తెగా వంతులవారీగా ఒకరిని పంపాలని, వాలుకు కాపలా పెట్టాలని కూడా రాసింది. అడవికోడి లేచి మొదటి వంతు తన తెగదే అంది. ముంగిస పరుగున వెళ్లి, పొద్దు వాలేసరికి చెవి పట్టుకుని బంగారయ్యను లేపుకొచ్చింది. అతను తేనె అంటిన మూతి తుడుచుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ముందు దాలప్ప కాలి దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా వచ్చే కూర్చున్నాడు.

ఇక తాటాకును పెద్దకొండకు మోసుకెళ్లేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. గవరమ్మ ఆలోచించి, దర్బారు దారి మనందరిలోకి బాగా తెలిసినవాడు శేషావతారమే కదా అంది. తాటాకు అతని మెడలోనే కట్టారు.

పెద్దకొండ మీద పులిదొర తాటాకు చదివించుకున్నాడు. ఇదంతా నిజమేనా శేషావతారం అని అడిగాడు. శేషావతారం నోరు కట్టేసి ఉంది. కాదనాలంటే నోరు తెరవాలి, తెరిస్తే దవడ జారుతుంది. కళ్లలో నీళ్లు వచ్చాయి, ఈసారి పిలవకుండానే. అటూ ఇటూ చూసి, తల కిందికి పైకి ఊపాడు.

చావడి కావాలని వచ్చినవాడే చావడి ఇవ్వకూడదని ఒప్పుకుంటుంటే ఇక మాట్లాడేదేముందని పులిదొర తీర్మానాన్ని ఖాయం చేశాడు. ఆ సంగతి విని మిగతా వాగుల పంచాయితీలు కూడా తమ చావడులను అప్పగించేది లేదని రాయడానికి తాటాకులు తీశాయి.

అందరి కోసం తగిలిన గాయానికి అందరి చెయ్యే మందు. అంగడికి అప్పగిస్తే పుండు మిగులుతుంది, మాట పోతుంది.